అరవై చింతగింజలు

నేను మద్రాసు నుంచి తిరిగి వచ్చిన రోజు ఆ గది ముందు ఉన్నవాళ్లు: ఇంటి యజమాని సాయిబు, నడిమి భాగంలో అద్దెకుండే తాలూకా ఆఫీసు గుమాస్తా, ఆయన భార్య, మిషను చర్చి నుంచి వచ్చిన ఉపదేశి. గదిలో ఉన్నవి: నులకమంచం ఒకటి, మడిచిన బొంత ఒకటి, తెల్లచీరలు మూడు, రేకు డబ్బాలు అయిదు, మూకుడు నిండా చింతగింజలు, సిరాబుడ్డి, కలం, నోటుపుస్తకాలు రెండు, కిరసనాయిలు బుడ్డి ఒకటి. పైకప్పు నుంచి వేలాడే తీగ చివర హోల్డరు. హోల్డరులో బల్బు లేదు.

బల్బు నా ట్రంకుపెట్టెలో, పంచె మడతల్లో ఉంది. పెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది.

"నిన్న పొద్దున సమాధి చేసినాము" అన్నాడు ఉపదేశి.

ఇది జరిగి రెండేళ్లయింది. మొన్న కర్నూలుకు బదిలీ అయి, కల్లూరు వైపు పోయే దారిలో ఒక ఇల్లు అద్దెకు చూశాను. ఇల్లు బాగుంది. రెండు కుటుంబాలకు మీటరు ఒకటే. "మీరెట్లాగూ ఇంజనీరు కదా, కరెంటు బిల్లు పంపకం మీరే చేయండప్పా" అన్నాడు ఇంటాయన. నేను చేయనన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేక ఇల్లే వద్దనుకుని వచ్చేశాను. ఆయనకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆ గదిలో ఉండిన ఆమె పేరు సాయిబు అద్దె పుస్తకంలో ఉంది. నేను ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు కనుక ఇక్కడా రాయను. ఆయా పని చేసే మిషను ఆసుపత్రిలో ఆయమ్మ అనేవారు. ఇంట్లో మేమంతా అవ్వ అనేవాళ్లం. దగ్గరికి వస్తే ఫినాయిలు వాసన వచ్చేది. స్విచ్చు ముట్టుకునే ముందు రెండు చేతులూ చీర చెంగుకు మూడుసార్లు తుడుచుకునేది. తడి చేత్తో ముట్టుకోవద్దని నేను ఒకసారి చెప్పాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాటను ఎంత జాగ్రత్తగా పట్టుకునేదో నా మాటనూ అంతే జాగ్రత్తగా పట్టుకుంది. దీపం ఆర్పేటప్పుడు పైకి చూసి, "ఇంక చాలు, పండుకో" అని బల్బుకు చెప్పేది. నా గది దాకా వినిపించేది.

కడపలోని ఆ ఇల్లు మూడు భాగాలు. ముందు గది నాది. నడిమి రెండు గదులు గుమాస్తావి. వెనక స్నానాల గది గోడకు ఆనించి వేసిన వసారా గది అవ్వది. దానికి కిటికీ లేదు. యుద్ధం రోజులవి. కిరసనాయిలు చీటీల మీద ఇచ్చేవారు, అదీ నెల చివరిదాకా వచ్చేది కాదు. అందుకే కరెంటు ఉన్న ఇల్లంటే అద్దె ఒక రూపాయి ఎక్కువైనా జనం వచ్చేవారు. సాయిబు ఇంటికంతా ఒకే మీటరు పెట్టించి, "బిల్లు మీరూ మీరూ పంచుకోండప్పా, నాకా లెక్క రాదు" అని చేతులు దులుపుకున్నాడు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి. కరెంటాఫీసులో నా పని మీటర్లు పరీక్షించడం. పంపకం నాకు అప్పజెప్పారు. ఇష్టంగానే తీసుకున్నాను.

నా పద్ధతి ఇది. ఎవరి బల్బు ఎన్ని వాట్లో, రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుందో రాసి హెచ్చవేస్తాను. నాకు నెలకు నాలుగు యూనిట్లు. గుమాస్తా ఇంట్లో రెండు బల్బులకు ఆరు. అవ్వ ఎంతో తెలియదు. అడగడానికి వెళ్లాను.

"యూనిట్ అంటే ఎంతప్పా? శేరా, పావా?" అంది.

"నీ బల్బు ఇరవై అయిదు వాట్లదవ్వా. అది నలభై గంటలు వెలిగితే ఒక యూనిట్. నాలుగణాలు."

"నాలుగణాలకు నలభై గంటలా!" అని పైకి, బల్బు వైపు చూసింది. "సాయంత్రం చీకటి ముసురుకున్నాక ఇంత పొద్దును ఇంత అగ్గువకు ఎవరిస్తారు నాయనా!"

మరుసటి రోజు గూట్లో రెండు మూకుళ్లు పెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో అరవై చింతగింజలు. నెల మొదటి రోజున అరవై లెక్కపెట్టి పోస్తుంది. దీపం వేసిన ప్రతిసారీ ఒక గింజ తీసి రెండో మూకుట్లో వేస్తుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గింజలు అయిపోతే ఆ నెలకు దీపం లేదు.

"గింజకు ఎంత సేపవ్వా? నీ దగ్గర గడియారం లేదే?"

"మసీదులో సాయిబులు పిలుస్తారు కదా. మాపటేళ పిలుపుకు వేస్తా, తరవాత పిలుపుకు ఆర్పుతా. తెల్లారుజామున పిలుపుకు వేస్తా, పొద్దు పొడిస్తే ఆర్పుతా. వాళ్లు దేవుణ్ణి పిలిచేది, నేను దీపం వేసేది, ఒకటే సారి."

మూడు రోజులు నా చేతిగడియారంతో చూశాను. "అది గంట కాదవ్వా. గంటా పావు."

"ఆ పావు గంట వాళ్ల దేవుడు నాకిచ్చింది. నువ్వు బిల్లులో రాయబాకు."

నేను రాశాను. నెలకు రెండు యూనిట్లు, ఎనిమిదణాలు. మొత్తం పన్నెండు. ఆ వేసవి అంతా మీటరు కూడా పన్నెండే చూపింది. నాకు ఎంత గర్వంగా ఉండేదంటే, ఆఫీసులో నా పైవాడికి ఆ కాగితం చూపించాను.

అవ్వ జీతం పదమూడు రూపాయలు. జీతం రోజున అయిదు రేకు డబ్బాలు వరసగా పెట్టుకుని కూర్చునేది: అద్దె, కరెంటు, కిరసనాయిలు, కట్టెలు, చర్చి కానుక. తిండి డబ్బులు చెంగున ముడివేసుకునేది. కరెంటు డబ్బా కొత్తది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మందు డబ్బా, మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. ఒక నెల కిరసనాయిలు డబ్బాలో ఆరణాలు మిగిలితే, కరెంటు డబ్బాలో వేసుకోమని నేను సలహా ఇచ్చాను.

"వద్దప్పా. ఒక డబ్బాది ఇంకో డబ్బాలో పడితే రెండూ కొట్లాడుకుంటాయి. మళ్ల నేను పంచాయితీ చేయాల."

ఆ దీపం ఆమెకు దేనికో చెప్పాలి.

ఆమె భర్త రాజంపేట వైపు ఒక ఊళ్లో ఉపదేశిగా ఉండేవాడట. పొలం పనుల మీద బతికే మనుషులకు ఆదివారం వాక్యం చెప్పి, వారమంతా వాళ్లతోపాటే కూలికి పోయేవాడు. పాటలు కట్టేవాడు. ఎవరూ అచ్చు వేయలేదు. సిరా కొనే స్తోమత లేక పెన్సిలుతో రాసుకున్నాడు. మొత్తం నూట పద్దెనిమిది పాటలు. ఆయన పోయి పన్నెండేళ్లయింది, పెన్సిలు గీతలు చెరిగిపోతూ వచ్చాయి. ఆ ఊళ్లో జనం ఇప్పటికీ వాటిని పాడతారు గానీ ముక్కలు ముక్కలుగా, ఒక పాట తల ఇంకో పాటకు తగిలించి పాడతారు. అవ్వ పెళ్లయిన తరవాత మిషను బడిలో పెద్దవాళ్లకు చెప్పే చదువులో అక్షరాలు నేర్చుకుంది. ఆ పాటలన్నీ సిరాతో కొత్త పుస్తకంలోకి ఎక్కించి ఆ ఊరి చర్చికి ఇస్తానని ఆయన మంచం పక్కన మాటిచ్చిందట. పగలు ఆసుపత్రిలో పని. ఆదివారం రాయదు. "ఆదివారం పనిచేస్తే ఆయనకు కోపం" అనేది, భర్త పక్క గదిలో ఉన్నట్టు. ఇక మిగిలింది పొద్దున ఒక గింజ, మాపున ఒక గింజ. ఆదివారం గింజలు కూడా వేసేది కానీ అప్పుడు రాయకుండా, రాసినవాటిని చదువుకునేది.

కిరసనాయిలు దీపం దానికి పనికిరాదు. పక్కన పెట్టిన దీపం వెలుతురుకు పెన్సిలు గీత తళుక్కుమంటుంది, అక్షరం కనిపించదు. పైనుంచి పడే వెలుతురు కావాలి. ఈ సంగతి నాకు చెప్పింది అవ్వే. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక పాటకు రెండు గంటలు పట్టేది. చెరిగిపోయిన మాట దగ్గరికి వస్తే కలం ఆపి, పాటను మొదటి నుంచి సన్నగా పాడేది. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగకుండా ఉంటే ఆ మాట దానంతటదే వచ్చేది. రాకపోతే మళ్లీ మొదటి నుంచి. నా గది నుంచి వినేవాణ్ణి. ఒక చరణం మూడుసార్లు, నాలుగుసార్లు, అదే చోట ఆగి, ఒకసారి ఆగకుండా దాటిపోయేది. వెంటనే కలం గీరుకునే చప్పుడు.

ఒకరోజు వాకిట్లో నిలబడి నేను కూడా చూశాను. పుస్తకంలో ఇలా ఉంది: "ఎండిన ఏట్లో చెలిమ తోడితివి, ఎండిన గుండెకు..." తరవాత ఏమీ లేదు, కాగితం మీద మరక.

"నీళ్లిస్తివి, అయ్యుంటుందవ్వా. చెలిమలో వచ్చేది నీళ్లే కదా."

అవ్వ నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు. "ఇంజనీరప్పా, నువ్వు కట్టినట్టు కడితే పాట కాదు, బిల్లు అవుతుంది." కళ్లు మూసుకుని రెండుసార్లు పాడింది. మూడోసారి దాటింది. "'ఎండిన గుండెకు పలుగు పోటైతివి.' చెలిమ తీయాలంటే ముందు పలుగుతో పొడవాల కదా. నొప్పి పుట్టించిందీ దేవుడే అంటాండాడు. సూడు, నువ్వేమో ఊరికే నీళ్లిచ్చేస్తివి."

"ఇదంతా నీకు నోటికి వచ్చినప్పుడు పుస్తకం దేనికవ్వా?"

"పుస్తకం సూస్తేనే నోరు లేస్తుంది. నోరు లేస్తేనే పుస్తకం నిండుతుంది. రెండూ కావాల."

సెప్టెంబరులో వానలు పడ్డాయి. ఆ నెల మీటరు పదహారు చూపింది.

నా నాలుగు, గుమాస్తా ఆరు. మిగిలింది ఆరు. నా పద్ధతి ప్రకారం మిగిలింది అవ్వది. కాగితం మీద రాసి చూపించాను: ఒక రూపాయి ఎనిమిదణాలు.

"పోయిన నెల ఎనిమిదణాలే కదప్పా?"

"దీపం ఎక్కువసేపు వెలిగిందేమో."

గూట్లోంచి మూకుళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి ఖాళీ, ఒకటి నిండు. లెక్కపెట్టమంది. నేను లెక్కపెట్టలేదు. ఆఫీసుకు టైమయింది. అవ్వ కరెంటు డబ్బాలో ఉన్న ఎనిమిదణాలు, కట్టెల డబ్బాలోంచి ఒక రూపాయి తీసి ఇచ్చింది. ఒక డబ్బాది ఇంకో డబ్బా ఖర్చుకు తీయగా నేను చూడటం అదే మొదటిసారి. అక్టోబరు మొదటి రోజు ముప్పై గింజలే పోసింది. పొద్దున దీపం మానేసింది.

అక్టోబరులో మీటరు పదిహేను. అవ్వ వాటా అయిదు.

ఆ సాయంత్రం వరండాలో అందరం ఉన్నాం. గుమాస్తా గోడకు ఆనుకుని వక్కపలుకు నములుతున్నాడు.

"ఆయమ్మ తలుపేసుకుని పాటలు పాడుకుంటాంటే దీపం వెలుగుతాండాదో ఆరిపోయిందో ఎవరు సూడొచ్చినారప్పా" అన్నాడు. "గింజలదేముంది? చింతచెట్టు కింద ఎన్నంటే అన్ని."

"ఏమయ్యా, పెద్దామెను పట్టుకుని అట్లంటావా?" అంది ఆయన భార్య.

"నువ్వూరుకో. బిల్లు సంగతి ఇంజనీరు చెప్తాడు."

అవ్వ నా వైపు చూసింది. "నువ్వు చెప్పప్పా. ముప్పై గింజలు. సగం వేసినా. సగం కూడా తగ్గలేదే?"

ఒక యూనిట్ తగ్గింది. ముప్పై గింజలకు తగ్గాల్సింది సరిగ్గా ఒక యూనిట్. ఆ రెండు అంకెలు నా ముందు ఒకే కాగితం మీద ఉన్నాయి. నేను చూడలేదు. మీటరు పరీక్షిస్తానని మాత్రం చెప్పాను.

మరుసటి రోజు మీటరు విప్పి ఆఫీసుకు తీసుకుపోయాను. బల్ల మీద పెట్టి, సరిచూసే ప్రమాణ మీటరు పక్కన ఉంచి మూడు గంటలు నడిపాను. తేడా లేదు. మీటరు నిజాయితీగా ఉంది. ఇంటికి తెచ్చి బిగించి, అవ్వ ముందు, గుమాస్తా ముందు, ఆయన భార్య ముందు అన్నాను: "గింజలు తప్పు చెప్పొచ్చు. మీటరు అబద్ధం చెప్పదవ్వా."

అవ్వ కాసేపు చేతులు చీరకు తుడుచుకుంటూ నిలబడింది. స్విచ్చు దగ్గర తుడుచుకున్నట్టే, మూడుసార్లు.

"అది చెప్తాంటే నేనేం చెప్తాను నాయనా" అంది.

నవంబరుకు పదిహేను గింజలు. రోజు మార్చి రోజు దీపం. మీటరు పద్నాలుగున్నర. ఆమె వాటా నాలుగున్నర, ఒక రూపాయి రెండణాలు. కట్టెల పొగ కూడా ఆ గది నుంచి రోజు మార్చి రోజే రావడం గమనించాను. ఒకరోజు చేసిన సంగటిని మరుసటి రోజు మజ్జిగలో కలుపుకుని తాగేది. గమనించానే గానీ దాన్ని ఏ లెక్కలోనూ కలపలేదు.

అప్పటికి ఆమె నాతో కాదు, తనతో తానే కొట్లాటకు దిగింది. ఒక సాయంత్రం నా గుమ్మం దగ్గరికి వచ్చి, "ఏమప్పా, మనిషి నిద్దట్లో లేసి పనులు చేస్తారంట, నిజమేనా?" అని అడిగింది.

"కొందరు చేస్తారంటారు. ఎందుకవ్వా?"

"నేను నిద్దట్లో లేసి దీపం వేస్తాండానేమో. ఆయన పాటలు కలలో వస్తాండాయి. కలలో రాస్తాండా. దీపం లేకుండా ఎట్ల రాస్తా?"

నేను నవ్వాను. అప్పుడు చెంగు విప్పి బల్బు తీసింది. గుడ్డలో చుట్టి తెచ్చింది, కోడిగుడ్డు తెచ్చినట్టు.

"ఇది నీ కాడ పెట్టుకో. సాయంత్రం పిలుపుకు వచ్చి తీసుకుపోతా, రెండో పిలుపుకు తెచ్చిస్తా. ఇంక నిద్దట్లో లేసినా బల్బు ఉండదు కదా. అప్పుడు నువ్వు నమ్ముతావు, నేనూ నన్ను నమ్ముతా."

తీసుకోకూడదని నాకు తోచలేదు. పరీక్షకు మంచి ఏర్పాటు అనుకున్నాను. పగలకుండా పెట్టెలో పంచె మడతల్లో పెట్టాను. నవంబరు చివర ఆరు రోజులు అలాగే సాగింది. అవ్వ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపేది, నేను బల్బు పెట్టేవాణ్ణి. వెనక్కి తెచ్చేసరికి వేడిగా ఉండేది. "పండుకో" అని ఇప్పుడు నా చేతిలో ఉన్న బల్బుకు చెప్పి పోయేది.

డిసెంబరు మొదటి రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉత్తరువు ఇచ్చారు. మద్రాసులో అయిదు వారాల శిక్షణ, అదే రోజు బండికి బయలుదేరాలి. ఇంటికొచ్చి పెట్టెకు, గదికి తాళం వేసుకుని స్టేషనుకు పోయాను. మర్నాటి నుంచి మా తమ్ముడు వచ్చి నా గదిలో ఉండి చదువుకోవలసి ఉంది, రెండో తాళంచెవి వాడి దగ్గర ఉంది. అవ్వ ఆసుపత్రిలో ఉంది.

మద్రాసులో బస గదిలో పెట్టె తెరిస్తే పంచెలోంచి బల్బు దొర్లింది. కొంతసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పోస్టులో పంపితే పగులుతుంది. కడపలో కొత్తది దొరకదు, యుద్ధం వల్ల బల్బులు కొట్లలో లేవు. తెలిసినవాళ్లెవరైనా కడపకు పోతున్నారా అని వెతకవచ్చు. ఆఫీసుకు ఒక కార్డు రాసి, ఆమెకు ఒక బల్బు అప్పుగా ఇమ్మనవచ్చు. ఇవి రెండూ అప్పుడే తోచాయి. వాటితోపాటు ఇంకోటి కూడా తోచింది. అవ్వ గదిలో బల్బే లేని నెల ఇది. మీటరు పది చూపిస్తే, నాలుగు యూనిట్ల దోషం ఎవరిదో ఖచ్చితంగా తేలిపోతుంది. ఇంతకన్నా మంచి ప్రయోగం కావాలని చేసినా కుదరదు.

కార్డు రాయలేదు.

తిరిగొచ్చిన రోజు ఉపదేశి మాట విన్నాక పెట్టె దించి, తెరిచి, బల్బు తీసి హోల్డరులో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. స్విచ్చు వేశాను. పట్టపగలు, కిటికీ లేని గది, వెలిగింది. గుమాస్తా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు పోయిన సాయంత్రం నీ వాకిట్లో శానాసేపు నిలబడిందప్పా" అంది. "రెండు చేతులూ చాపుకుని నిలబడింది. తలుపుకు తాళం సూసి, 'మర్చిపోయినాడు పాపం, పనిమీద పోయినాడు' అని వెళ్లిపోయింది. బుడ్డి దీపం పెట్టుకుని రాయాలని సూసింది. పుస్తకం అంత దగ్గర పెట్టుకుని, ఇదిగో, అంచు కాల్చుకుంది. తరవాత తెల్లారుజామున పుస్తకం పట్టుకుని పెరట్లో కూసునేది, పొద్దు ఎప్పుడు పొడుస్తుందా అని. డూటీకి పోయే లోపల రెండు గీతలన్నా రాయాలని. అంత మంచులో. వద్దవ్వా అంటే వినలేదు."

ఆసుపత్రి చీటీ మీద న్యుమోనియా అని రాశారు. డాక్టరు రాసినదాని మీద నేను లెక్కలు వేయను.

"డిసెంబరు బిల్లు నేనే చూసినా" అన్నాడు గుమాస్తా. జేబులోంచి కాగితం తీశాడు. "మీ పద్ధతి ప్రకారమే చేసినా. మీటరు పద్నాలుగు. మీరు లేరు, అయినా మీ వాటా నాలుగు తీసేసినా, మీ తమ్ముడు ఇక్కడే ఉండి చదువుకుంటాండె గదా, దీపం వేస్తాండె. మాది ఆరు. మిగిలింది నాలుగు."

"ఎవరి మీద రాశారు?"

ఆయన కాగితం మడిచాడు. భార్యే చెప్పింది. "'నా కాడ బల్బే లేదు కదప్పా' అనింది. ఈయనేమో, 'నేనేం చేసేది, మీటరు చెప్తాంది' అన్నాడు. రూపాయి తెచ్చి ఇచ్చింది. కానుక డబ్బాలోంచి తీసింది. నేను సూస్తాండా."

నేను వరండాలోకి వెళ్లాను. ముందు గది స్విచ్చు ఆపాను. గుమాస్తా గదుల్లో రెండూ ఆపాను. అవ్వ గదిలో నేను వేసినది ఆపాను. ఇంట్లో ఎక్కడా ఏదీ వెలగడం లేదు. మీటరు ముందు నిలబడి చక్రం చూశాను. చక్రం అంచున ఎర్ర గుర్తు ఉంటుంది. అది కదులుతోంది. కంటికి తెలియనంత మెల్లగా, కానీ కదులుతోంది. గడియారం తీశాను. ఒక చుట్టు తిరగడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

అన్నీ ఆపి చక్రం చూడటం డిప్లొమాలో మొదటి సంవత్సరం నేర్పుతారు. మీటరును ఆఫీసు బల్ల మీద పెట్టి మూడు గంటలు పరీక్షించినవాణ్ణి, ఇంట్లో గోడ మీద ఉండగా పద్దెనిమిది నిమిషాలు చూడలేదు. మిగిలినది ఎవరి మీద రాయాలో అప్పటికే రాసేసుకున్నాను కాబట్టి.

తీగను, దాన్ని గోడకు బిగించిన చెక్క బద్దీ వెంట, వెతుక్కుంటూ పోయాను. స్నానాల గది గోడ దగ్గర, వాన నీళ్లు దిగి చెమ్మగిల్లిన చోట, బద్దీ కుళ్లి ఉంది. తీగ మీది రబ్బరు ఊడి, రాగి గోడకు తగులుతోంది. రాత్రీ పగలూ అయిదున్నర వాట్లు గోడలోకి పోతున్నాయి. నెలకు నాలుగు యూనిట్లు. సెప్టెంబరు వానల నుంచి.

సాయిబు దగ్గరికి వచ్చి ఆ తడి గోడను అరచేత్తో తడిమి చూశాడు. నేను ఆయన చెయ్యి వెనక్కి లాగాను.

"ఏమప్పా, నా గోడ తాగిందా?" అన్నాడు. "ముసలామె దుడ్లు నా గోడ తాగిందా?"

నాలుగు రూపాయలు తెచ్చి ఉపదేశి చేతిలో పెట్టాడు. నేనూ పెట్టబోయాను. గుమాస్తా కూడా. ఉపదేశి మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఆమె ఎవరి బాకీ అడగలేదే" అన్నాడు. చివరికి ఆ డబ్బు కానుక డబ్బాలో వేశాడు.

నోటుపుస్తకాలు ఉపదేశిని అడిగి నేను తీసుకున్నాను. అవ్వ డెబ్బై ఏడు పాటలు ఎక్కించింది. డెబ్బై ఎనిమిదోది నాలుగు గీతల దగ్గర ఆగింది, ఆ కాగితం అంచే కాలింది. నా గదిలో నలభై వాట్ల బల్బు కింద మిగిలిన నలభై ఒకటి నేను రాయడం మొదలుపెట్టాను. పెన్సిలు గీత కనిపించినంత వరకు రాశాను. చెరిగిపోయిన చోట ఆగి, గోడ అవతల నుంచి ఎవరైనా పాడతారేమో అన్నట్టు కలం పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఖాళీ ఉన్న ప్రతిచోటా నాకు ఒక మాట తోచేది, వరసకు సరిపోయేది, అర్థానికి సరిపోయేది. ఒక్కటీ రాయలేదు. "నీళ్లిస్తివి" లాంటి మాటలే నాకు తోస్తాయి.

ఫిబ్రవరిలో రాజంపేట దాకా బండిలో పోయి, అక్కడి నుంచి నడిచి ఆ ఊరికి పోయాను. పూరి కప్పు చర్చి. సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది దాకా కూర్చున్నారు. పాటలు చదివి వినిపించాను. ఖాళీ వచ్చినచోట ఆగేవాణ్ణి. ఒక ముసలాయన రెండు ఖాళీలు నింపాడు. ఇంకొకామె ఒకటి. "ఆయమ్మకైతే అన్నీ వచ్చు. ఆయమ్మ రాలేదా?" అని అడిగింది ఒకామె, వెనక వరసలోంచి. ఉపదేశి పంపిన కబురు వాళ్లకింకా అందలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఎలా పోయిందో అడిగారు. జ్వరం అన్నాను.

పుస్తకం అక్కడ ఇచ్చి వచ్చాను. అందులో ఖాళీలు నూట మూడు మిగిలాయి.

చింతగింజలు నా దగ్గర ఉన్నాయి. డిసెంబరు మొదటి రోజున మూకుట్లో ఆమె మళ్లీ అరవై పోసింది. నేను నమ్ముతాననే ధైర్యంతో పోసిందని గుమాస్తా భార్య చెప్పింది. ఈసారి లెక్కపెట్టాను. అరవై ఉన్నాయి.

సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలలు, నెలకు నాలుగు, గోడ తాగినవి పదహారు యూనిట్లు. వాటికి డబ్బు కట్టింది ఆమె. ఇరవై అయిదు వాట్ల బల్బుకు యూనిటుకు నలభై గంటలు. మిగిలిన నలభై ఒక్క పాటలకు ఆమెకు కావలసినవి ఎనభై రెండు గంటలు. ఆమె కొనుక్కుని, వెలిగించుకోకుండా పోయినవి ఆరు వందల నలభై గంటలు.